ఒక్క క్లాసుకు ఇద్దరు మేడమ్‌లు

ఎల్.బి.నగర్,
3 జూలై 2011

ప్రియమైన వదినకు,

ఎలా ఉన్నావు? మంచం మీదే ఉంటున్నావా, మీ అమ్మ అటు తిరగగానే లేచి మగ్గం దగ్గరికి పోతున్నావా? డాక్టరమ్మ నిన్ను ప్రసవం దాకా మంచం దిగొద్దన్న మాట మా అన్న మాకు రోజూ వినిపిస్తున్నాడు, నువ్వేదో ఈ ఇంట్లోనే ఉన్నట్టు.

ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ బ్రాకెట్లూ సెమికోలన్లూ ఫోన్లో చెప్పుకునేవి కావు. నేను రాసుకునేలోపే మీ అమ్మ ఫోన్ లాక్కుని అల్లుడు తిన్నాడా లేదా అని అడుగుతుంది. అందుకే ఈ ఉత్తరం. మీ తమ్ముడు శ్రవణ్‌కుమార్ చీరల మూటతో దిల్‌సుఖ్‌నగర్ షాపుకు వచ్చినప్పుడల్లా అతని చేతికి ఇస్తాను. నువ్వూ అలాగే పంపు.

సోమవారం సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ ఇన్‌స్టిట్యూట్‌లో, నీ సి క్లాసులో నిలబడ్డాను వదినా. అందరూ నన్ను కాదు, నా వెనక తలుపు వైపు చూశారు. ముందు బెంచీలో మహిపాల్ అనే పొడుగు అబ్బాయి లేచాడు.

"వాసంతి మేడమ్ ఎప్పుడొస్తది?"

"నవంబర్‌లో ప్రసవం. ఆ తర్వాత."

"అప్పటిదాంక మీరేనా?" అన్నాడు. తప్పదా అన్నట్టు వినబడింది నాకు.

నేను డిగ్రీలో కంప్యూటర్లు చదివింది పరీక్ష కోసం. ఒకరికి చెప్పడం కోసం కాదు. స్ట్రక్చర్ల పాఠం వచ్చింది. పుస్తకంలో ఉన్న నిర్వచనం బోర్డు మీద రాశాను. అందరూ బుద్ధిగా దించుకున్నారు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదని ముఖాలే చెప్పాయి. ఇంటికొచ్చి అన్నం తినబుద్ధి కాలేదు. నువ్వెలా చెప్పేదానివో రాయవా?

నీ ఆడబిడ్డ,
ఇందు


పోచంపల్లి,
10 జూలై 2011

ఇందూ,

అన్నం మానకు. నిర్వచనంతో మొదలుపెడితే ఎవరికైనా అంతే. ముందు వాళ్ళ చేత తప్పు చేయించు.

విద్యార్థుల పేర్లకు ఒక వరుస, ఊళ్ళకు ఒక వరుస, హాజరుకు ఒక వరుస పెట్టమను. మూడూ వేరు వేరు. మొదటి పేరుకు మొదటి ఊరు, మొదటి హాజరు. అంతా బాగానే ఉంటుంది. ఇప్పుడు పేర్లను అక్షర క్రమంలో సర్దమను. పేర్లు కదులుతాయి. ఊళ్ళూ హాజరూ ఎక్కడివక్కడే ఉండిపోతాయి. బాలాపూర్ పిల్ల మీర్‌పేట్‌కు పోతుంది, రోజూ వచ్చేవాడి హాజరు ముఖం చూపించని వాడికి పోతుంది. అప్పుడు అడుగు, ఒక మనిషికి సంబంధించినవన్నీ ఆ మనిషితోనే కదలాలంటే ఏం చెయ్యాలి అని. ఎవరో ఒకరు "అన్నీ ఒక్కకాడ కట్టాలె మేడమ్" అంటారు. ప్రతి బ్యాచ్‌లో ఒకరు అంటారు. ఆ మాట వాళ్ళ నోటి నుంచి వచ్చేదాకా స్ట్రక్చర్ అన్న పేరు ఎత్తకు. వచ్చాక, ఇదిగో దీన్నే అలా అంటారు అని చెప్పు. పేరు, ఊరు, హాజరు కలిపి ఒక రికార్డు. రికార్డు కదిలితే మూడూ కదులుతాయి.

ఆ బ్యాచ్ నేను చేర్పించిన బ్యాచ్. మే నెల ఎండలో కాలేజీల గేట్ల ముందు నిలబడి, ఒక్కొక్కరితో మాట్లాడి తెచ్చుకున్నాను. మహిపాల్ మాట పెళుసు, మనిషి మంచివాడు. కిటికీ పక్క కంప్యూటర్ నాది, దాని మీద ఎవరినీ కూర్చోనివ్వకు. నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యి. నీ సొంత తెలివి కలపకు.

ఇక్కడ నేను రోజంతా ఎడమ పక్కకు తిరిగి పడుకుంటున్నాను. పక్కింటి వాళ్ళ మగ్గం చప్పుడు వింటూ, సాయంత్రం ఆరవుతుంటే మాత్రం లేచి కూర్చుంటున్నాను. క్లాసు టైము కదా.

వాసంతి


దిల్‌సుఖ్‌నగర్,
7 ఆగస్టు 2011

ప్రియమైన వదినకు,

అచ్చం నువ్వు చెప్పినట్టే జరిగింది! "అన్నీ ఒక్కకాడ కట్టాలె" అన్నది ఎవరనుకున్నావు? మహిపాలే.

ఒక్కటి మాత్రం మార్చాను, కోప్పడకు. కంప్యూటర్ మీద కాకుండా పిల్లల్నే మూడు వరుసల్లో నిలబెట్టాను. ఒక వరుస చేతిలో పేర్లు, ఒక వరుస చేతిలో ఊళ్ళు, ఒక వరుస చేతిలో హాజరు చీటీలు. పేర్ల వాళ్ళను అక్షర క్రమంలోకి జరిపాను. అంతే, గది దద్దరిల్లింది. "నేను మీర్‌పేట్ పిల్లను, నన్ను అబ్దుల్లాపూర్‌మెట్‌కు పంపుతున్నరేంది!" అని మౌనిక ఒకటే గోల. మౌనిక తెలుసు కదా, పోయినేడు నీ దగ్గర సి నేర్చుకున్న పిల్ల. ఇప్పుడు పక్క గదిలో జావా నేర్చుకుంటోంది, నవ్వులు విని వచ్చి చేరింది. కిటికీ పక్క కంప్యూటర్ మీద ఆమెనే కూర్చోబెట్టాను. మిగతావి మొరాయిస్తున్నాయి, ఏం చేయను?

మన ఇన్‌స్టిట్యూట్ ఓనర్ భానుమూర్తి గారు తలుపు దగ్గర నిలబడి అంతా చూశారు. "చాలా బాగుందండీ ఇందు గారూ. ఆరేళ్ళ నుంచీ ఈ గదిలోంచి ఇంత నవ్వు నేను వినలేదు" అన్నారు. ఆయన గుంటూరు మాట నీకు తెలుసు కదా, కోప్పడుతున్నా పొగుడుతున్నట్టే ఉంటుంది. ఇది మాత్రం నిజంగా పొగడ్తే.

ఇప్పుడు అన్నే నన్ను స్కూటర్ మీద క్లాసు దగ్గర దింపి షాపుకు పోతున్నాడు. నిన్న ఇంట్లో అందరి ముందూ అన్నాడు, "మా చెల్లె ఒక్క నెలల్నే మేడమ్ అయిపోయింది" అని. అమ్మ నాకు దిష్టి తీసింది.

నీ ఆరోగ్యం రాయి.

ఇందు


పోచంపల్లి,
15 ఆగస్టు 2011

ఇందు మేడమ్‌కు,

ఆరేళ్ళ నుంచీ నవ్వు వినలేదన్నారా భానుమూర్తి గారు? నా క్లాసుకు ఎవరూ నవ్వడానికి రాలేదు. నేర్చుకోవడానికి వచ్చారు. నేర్చుకుని ఉద్యోగాలకు పోయారు. ఆయన గది కిరాయి కట్టుకోగలిగింది ఆ పిల్లల వల్లే. ఆ మాట ఆయనకు చెప్పలేకపోయావా? చెప్పవులే. నీకు ఆ మాట తీయగా ఉండి ఉంటుంది.

చీటీల ఆట ఒక్క రోజుకు బాగుంటుంది. పరీక్షలో చీటీలు ఉండవు. కంప్యూటర్ మీద టైపు చేయించు.

నేను చెయ్యొద్దన్న ఒక్క పనే చేశావు. ఆ కుర్చీ సంగతి అంటున్నాను. చిన్న విషయమే. కానీ నేను లేని చోట చిన్న విషయాలు ఒక్కొక్కటిగా మారిపోతుంటే పడుకుని వినడం ఎలా ఉంటుందో నీకు తెలియదు. ఆ స్కూటర్ వెనక నేను కూర్చునేదాన్ని. ఆ దిష్టి ఎప్పుడూ నాకు తీయలేదు అత్తమ్మ. నువ్వు ఉత్సాహంగా రాసిన ప్రతి వాక్యం నేను రెండేసి సార్లు చదివాను, ఎక్కడైనా వాళ్ళు నన్ను తలచుకున్నారేమోనని. ఒక్క చోటా లేదు.

నా ఆరోగ్యం బాగుంది. కాళ్ళు వాచాయి.

భానుమూర్తి గారు నా గురించి ఏమైనా అన్నారా? సూటిగా రాయి.

వాసంతి


ఎల్.బి.నగర్,
4 సెప్టెంబర్ 2011

వదినా,

నీ ఉత్తరం చదివి చాలా రోజులు జవాబు రాయలేకపోయాను. నిన్ను బాధపెట్టాలని రాయలేదు. అందరూ నిన్ను అడుగుతూనే ఉన్నారు. నేనే రాయడం మరిచాను.

భానుమూర్తి గారు నీ ఆరోగ్యం అడిగారు. అంతే.

ఇక్కడ వీధి వీధికీ వినాయకుడు. బాలాపూర్ లడ్డూ వేలం ఈసారి ఎవరు పాడతారోనని పిల్లలు క్లాసులోనే పందేలు వేసుకుంటున్నారు. దానికన్నా ఎక్కువగా సమ్మె గురించి మాట్లాడుతున్నారు. పదమూడో తారీఖు నుంచి అందరూ పనులు ఆపేస్తారట, తెలంగాణ వచ్చేదాకా బస్సులు కూడా నడవవట. మహిపాల్ చేతిలో ఎప్పుడూ జెండాయే. అందుకే బ్యాచ్ చివర్లో అందరి ముందూ చేసి చూపించే ప్రోగ్రాం ముందుకు జరిపాం. ఈ శనివారం, పదో తారీఖు. కొత్తగా చేరబోయే పిల్లలూ వాళ్ళ తల్లిదండ్రులూ వస్తున్నారు. భానుమూర్తి గారు కుర్చీలు కిరాయికి తెప్పిస్తున్నారు.

హాజరు ప్రోగ్రాం చేయాలనుకున్నాం. ఒక్కో విద్యార్థికి ఒక రికార్డు, దాని చుట్టూ మూడు ఫంక్షన్లు. ఒకటి రికార్డును చూపించేది. ఒకటి పేరుతో వెతికేది. మూడోది ఆ రోజు వచ్చిన వాడి హాజరుకు ఒకటి కలిపేది. మొదటి రెండూ చేశాను. రికార్డును ఫంక్షన్‌కు ఇచ్చి దాని లోపల మార్చడం నేనెప్పుడూ చేయలేదు. జాగ్రత్త పడాల్సింది ఏమైనా ఉంటే చెప్పు. అంతమంది ముందు నేను తప్పు చేయకూడదు వదినా. శ్రవణ్ మళ్ళీ గురువారం వస్తానన్నాడు.

ఇందు


పోచంపల్లి,
7 సెప్టెంబర్ 2011

చిరంజీవి ఇందుకు ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఒక్కో ఫంక్షన్‌కు ఒక్కటే పని ఇవ్వు. చూపించేది చూపించాలి, వెతికేది వెతకాలి, కలిపేది కలపాలి. పేరు చూడగానే అది చేసే పని తెలియాలి. అప్పుడు చదివేవాళ్ళకు ఎక్కడ ఏం జరుగుతోందో తెలుస్తుంది, తప్పు వచ్చినా ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

మూడో ఫంక్షన్‌కు రికార్డును ఇవ్వు. లోపల హాజరుకు ఒకటి కలుపు. అక్కడే తెర మీద చూపించు. పన్నెండు ఉంటే పదమూడు వస్తుంది. ఇంతకు మించి ఏమీ లేదు.

మెట్ల దగ్గర బోర్డుకు కొత్త రంగు వేశారని శ్రవణ్ చెప్పాడు. అక్షరాలు చాలా అందంగా వచ్చాయట.

శుభం.

వాసంతి


ఎల్.బి.నగర్,
9 అక్టోబర్ 2011

వాసంతి గారికి,

బస్సులు లేవు కాబట్టి ఈ ఉత్తరం ఇన్నాళ్ళకు వస్తోంది. శ్రవణ్ బైకు మీద వచ్చాడు. రాయకుండా ఉందామనుకున్నాను. కానీ మీకు తెలియాలి.

పదో తారీఖున గది నిండిపోయింది. భానుమూర్తి గారు ముందు వరుసలో కూర్చున్నారు. మహిపాల్ పేరు వెతికించాను, వచ్చింది. హాజరు కలిపించాను. తెర మీద పదమూడు వచ్చింది. అచ్చం మీరు రాసినట్టే. చప్పట్లు కూడా కొట్టారు. తర్వాత మొత్తం జాబితా చూపించమన్నాను. మహిపాల్ హాజరు పన్నెండే ఉంది. మళ్ళీ కలిపించాను. పదమూడు. జాబితాలో పన్నెండు.

"ఏంది మేడమ్, నేను వచ్చినట్టా రానట్టా?" అన్నాడు మహిపాల్. అందరూ నవ్వారు. ఆ నవ్వు వేరు.

ఒక అబ్బాయి తండ్రి లేచి, "ఈమెకే వస్తలేదు, పిల్లలకేం చెప్తది?" అని కొడుకు చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు. "నాకు తెలియదు, తెలుసుకుని చెబుతాను" అన్నాను అందరికీ.  భానుమూర్తి గారు లేచి కిరాయి కుర్చీలు తనే మడవడం మొదలుపెట్టారు. 

అందరూ వెళ్ళాక మౌనిక నా దగ్గరికి వచ్చింది. "వాసంతి మేడమ్ మీకు చెప్పలేదా? మాకైతే ఫంక్షన్ల పాఠం మొదటిరోజే చెప్పింది. ఫంక్షన్‌కు పోయేది నకలు, అసలుది కాదు, అందరు ఈడనే పడతరు అని బోర్డు మీద పెద్దగ రాసి చుట్టూ గీత గీసింది. అది మర్చిపోతే మమ్మల్ని లేపి నిలబెట్టేది" అన్నది.

మీరు మర్చిపోయారని అనుకోవడానికి ఆ రాత్రంతా ప్రయత్నించాను. జాగ్రత్త పడాల్సింది చెప్పమని నేను అడిగాను. "ఇంతకు మించి ఏమీ లేదు" అని మీరు రాశారు.

మర్నాడు నిమజ్జనం. వీధులన్నీ డప్పులతో ఊగిపోతుంటే నేను ఇన్‌స్టిట్యూట్ తాళం తీయించుకుని ఒక్కదాన్నే కూర్చున్నాను. ఫంక్షన్ లోపలా బయటా విలువలు వేయించి చూశాను. మార్పంతా నకలుకే జరుగుతోంది, ఫంక్షన్ అయిపోగానే నకలు పోతోంది. అయితే ఆ మారిన నకలునే తిరిగి ఇమ్మని అడిగితే? ఫంక్షన్ దాన్ని తిరిగి ఇస్తుంది, నేను దాన్ని పాత రికార్డు స్థానంలో పెట్టుకుంటాను. పనిచేసింది. రెండు మూడు వరుసల మార్పే.

పదమూడో తారీఖు నుంచి సమ్మె. ఇన్‌స్టిట్యూట్ మూశాం. పిల్లలు ఎల్.బి.నగర్ చౌరస్తాలో టెంటు వేసుకుని కూర్చున్నారు. వాళ్ళ దగ్గరికే వెళ్ళాను. నినాదాల మధ్య మహిపాల్ ఒక అట్ట తెచ్చి, "జర దీని మీద రాసి చెప్పున్రి మేడమ్, కూసోని కూసోని పరేషాన్ అయితున్నం" అన్నాడు. ఒక పక్క జై తెలంగాణ అని ఉంది. రెండో పక్క నేను మూడో ఫంక్షన్ రాశాను. "నాది పదమూడు అయినట్టేనా ఇగ?" అన్నాడు. టెంటంతా నవ్వింది. ఈసారి నేనూ నవ్వాను.

మీ పాఠాలకు కృతజ్ఞతలు. ఇక పంపనవసరం లేదు.

ఇందు


పోచంపల్లి,
16 అక్టోబర్ 2011

ఇందూ,

మీరు, గారు అని రాయడం నీకు ఎవరు నేర్పారు? నన్ను అంత తేలిగ్గా పరాయిదాన్ని చేయలేవు.

నేను మర్చిపోలేదు. ఆ వాక్యం రాసి, కాగితం చింపి, ఆ వాక్యం లేకుండా మళ్ళీ రాశాను. ఎందుకో కూడా విను. అంతకు ముందు రోజే శ్రవణ్ వచ్చి బోర్డు సంగతి చెప్పాడు. వాసంతి అని ఉన్న చోట ఇందు అని ఉందట, "శాశ్వత అధ్యాపకురాలు" అని కింద. ఆగస్టులోనే రాయించారట. "అక్కా, నీకు తెల్వదా?" అన్నాడు వాడు. నాకు తెలుసని అబద్ధం చెప్పాను. వాడు బయటికి పోయాక గోడ వైపు తిరిగి పడుకున్నాను.

నేను సూటిగా అడిగాను నిన్ను, భానుమూర్తి గారు ఏమన్నారని. "నీ ఆరోగ్యం అడిగారు. అంతే" అన్నావు. నీ "అంతే"కూ నా "ఇంతకు మించి ఏమీ లేదు"కూ తేడా ఎంతో నువ్వే చెప్పు. మీ అన్నకూ తెలుసు. వారం వారం వచ్చి బత్తాయిలు ఒలిచి పెట్టాడు కానీ నోరు విప్పలేదు.

అలా చేయకుండా ఉండాల్సిందే. నువ్వు అంతమంది ముందు నిలబడటం తలచుకుంటే నాకు బాగుంటుందనుకున్నాను. శనివారం సాయంత్రం గడియారం చూస్తూ పడుకున్నాను. ఏమీ బాగుండలేదు. రక్తపోటు పెరిగి ఆదివారం దవాఖానకు తీసుకుపోయారు.

ఇక నువ్వు కనుక్కున్న పద్ధతి. దాని గురించి రాయకూడదనుకున్నాను, కానీ అది నన్ను పీక్కు తింటోంది. నేను ఆరేళ్ళుగా రికార్డు నకలు కాదు, రికార్డు ఉన్న చోటు చిరునామా ఫంక్షన్‌కు ఇవ్వాలని చెబుతూ వచ్చాను. అది సరైనదే, పెద్ద ప్రోగ్రాములకు అదే కావాలి. కానీ ఆ మాట వినగానే కొత్తవాళ్ళు బెదిరిపోతారు, ప్రతి బ్యాచ్‌లో కొందరు అక్కడే మానేస్తారు. మార్చినదాన్ని తిరిగి తీసుకోమని ముందు చెప్పి, తర్వాత చిరునామా దగ్గరికి పోవచ్చని నాకు ఒక్కసారీ తట్టలేదు. నీకు ఒక్క మధ్యాహ్నంలో తట్టింది. అదీ నేను నిన్ను పడేయబోతే.

నువ్వు ఓడిపోతే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

వాసంతి


ఎల్.బి.నగర్,
30 అక్టోబర్ 2011

వదినా,

దవాఖాన సంగతి అన్న నాకు చెప్పలేదు. ఇప్పుడు ఎలా ఉంది? ముందు అది రాయి.

బోర్డు విషయం. ఆగస్టు మొదటి వారంలో భానుమూర్తి గారు పిలిచి, "ఇందు గారూ, మీరే ఉండిపోండి. వాసంతి గారు చంటిబిడ్డతో ఎక్కడొస్తారండీ? ఈ బందులతో ఇద్దరికి జీతాలివ్వడం నా వల్ల కాదు" అన్నారు. ఆలోచించి చెబుతానని కూడా అనలేదు నేను. సరేనన్నాను. నేను కాదంటే ఇంకెవరినో పెట్టుకుంటారు, నేనైతే ఉద్యోగం మన ఇంట్లోనే ఉంటుంది కదా అని అన్నకు చెప్పాను. అది అన్న కోసం చెప్పిన మాట. నీకు నిజం చెబుతాను. ఆ గది నాకు కావాలనిపించింది.

నువ్వు మా ఇంటికి వచ్చినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. అప్పటి నుంచి అమ్మ నోట ఒకటే మాట, వాసంతిని చూసి నేర్చుకో. నువ్వు సాయంత్రం బ్యాగు తగిలించుకుని వెళుతుంటే నేను గిన్నెలు తోముతూ చూసేదాన్ని. నీలా ఉండాలనుకోలేదు. నువ్వు లేకపోతే బాగుండుననుకునేదాన్ని. నువ్వు మంచం పట్టావని తెలిసిన రోజు ఏడ్చాను, నిజంగానే ఏడ్చాను, కానీ నీ క్లాసు చెప్పమని అన్న అడిగినప్పుడు నా ఏడుపు ఆగిపోయింది. ఇంతకంటే నీకు ఏం చెప్పను?

ఆ ఉద్యోగం నేను వదలను. త్యాగం చేసి, జీవితాంతం నీ వైపు గుర్రుగా చూస్తూ ఉండలేను. నీకు కావాలంటే నువ్వే భానుమూర్తి గారిని అడుగు. నేను అడ్డం రాను.

సమ్మె ఆగింది, బస్సులు నడుస్తున్నాయి. తెలంగాణ ఇంకా రాలేదు. మహిపాల్ చిక్కిపోయాడు. క్లాసులు మళ్ళీ మొదలయ్యాయి. టెంటులో పాఠం విన్నవాళ్ళలో కొందరు కొత్తగా చేరారు.

ఇందు


పోచంపల్లి,
24 నవంబర్ 2011

ఇందూ,

పాప పుట్టిన సంగతి మీ అన్న చెప్పే ఉంటాడు. నాకు ఆపరేషన్ చేశారు. పాప చిన్నగా ఉంది కానీ గొంతు పెద్దది.

దవాఖాన మంచం మీద నుంచే భానుమూర్తి గారికి ఫోన్ చేశాను. ముందు శుభాకాంక్షలు చెప్పారు. నేను ధన్యవాదాలు చెప్పి, నా గది సంగతి అడిగాను.  "అమ్మా, మీకు అన్యాయం చేశానని నాకూ తెలుసండీ. కానీ ఇప్పుడు ఇందు గారిని ఎలా తీసేస్తాను?" అన్నారు.

"తీసేయమని ఎవరన్నరు సార్? పొద్దుటి పూట గది ఖాళీగనే ఉంటది కదా. పిల్లల్ని నేను తెచ్చుకుంట. జీతం వద్దు, వచ్చిన ఫీజుల సగం ఇయ్యున్రి" అన్నాను.

అమ్మ నర్సుతో, "బిడ్డ పుట్టి మూడు దినాలు కాలే, గీమె బేరమాడుతున్నది" అని మొత్తుకుంది. ఆయన ఒప్పుకున్నారు. ఫిబ్రవరి నుంచి పొద్దున నాది, సాయంత్రం నీది. నీ పద్ధతితోనే మొదలుపెడతాను. అనుమతి అడగడం లేదు, తెలియజేస్తున్నాను. ఎవరి దగ్గర ఎక్కువమంది చేరతారో చూద్దాం.

ఇంకో మాట. వచ్చే నెల నాలుగున పాపను తొట్టెలలో వేసి పేరు పెడతాం. పాప చెవిలో పేరు మేనత్తే చెప్పాలి. నీకు బదులు ఇంకెవరినైనా కూర్చోబెడదామా అని అమ్మను అడిగాను. తిట్టింది. కాబట్టి రా. నేను హారిక అనుకున్నాను.

వాసంతి


ఎల్.బి.నగర్,
8 డిసెంబర్ 2011

వదినా,

నీ ముందు నోరు పెగల్లేదు, అందుకే రాస్తున్నాను.

హారిక అని చెప్పాలనే వచ్చాను. దారి పొడుగునా బస్సులో అదే అనుకున్నాను. పాపను చేతికిచ్చారు. చెవి దగ్గరికి వంగితే కళ్ళు తెరిచి నన్ను చూసింది. ఉజ్వల అనేశాను. ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు. నువ్వు తల తిప్పుకోవడం చూశాను. కోపం వచ్చిందని తెలుసు.

నీకు కావాలంటే హారిక అనే పిలుద్దాం. ఎవరూ ఏమీ అనరు.

పొద్దుటి బ్యాచ్ గురించి మౌనిక అందరికీ చెప్పేసింది. నా దగ్గర చేరాల్సిన నలుగురు ఆగి, "వాసంతి మేడమ్ వచ్చినంక చేరుతం" అన్నారు. నేను నవ్వుతూ సరేనన్నాను. ఇంటికొచ్చి అమ్మ మీద అరిచాను, కూరలో ఉప్పు లేదని. ఉప్పు ఉంది.

ఇందు


పోచంపల్లి,
14 డిసెంబర్ 2011

ఇందూ,

నలుగురేనా? ఇంకా వస్తారు.

పేరు అలాగే ఉండనీ. సాయంత్రానికే వీధిలో అందరూ ఉజ్వల అనడం మొదలుపెట్టారు. నేను హారిక అని పిలిస్తే ఎవరిని అంటున్నావు అని అడుగుతున్నారు. అమ్మ అయితే ఆ పేరుతో పాట కూడా కట్టింది.

నాకు కోపం వచ్చింది పేరు వల్ల కాదు. పుట్టినప్పటి నుంచి నా చేతుల్లో ఏడుస్తూనే ఉంది. పాలు పట్టినా, భుజాన వేసుకున్నా, ఊపినా ఏడుపే. నువ్వు ఎత్తుకున్నావు, ఆగిపోయింది. నువ్వు ఉన్న ఆ ఒక్క పూటా నోరు విప్పలేదు. నువ్వు బస్సెక్కిన పావుగంటకు మళ్ళీ మొదలుపెట్టింది. క్లాసు పోతే పొద్దుటి పూట ఇంకో క్లాసు అడిగాను. దీన్ని ఎవరిని అడగాలి? అటక మీదికి చూస్తూ నేనూ ఏడ్చాను.

తర్వాత ఫిబ్రవరి గురించి ఆలోచించాను. పొద్దున నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటే పాప ఎవరి దగ్గర ఉండాలి? అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు. మీ అన్నకు షాపు. ఎదురింటామె మంచిదే, కానీ పాప ముఖం మీద ఈగ వాలినా చూడదు. మీర్‌పేట్‌లో పిల్లల్ని చూసుకునే చోటు ఒకటి ఉందట, మీ అన్న పోయి చూసి వచ్చాడు. బాగుందన్నాడు. నాకు మనసొప్పలేదు. మూడు రోజులు ఒక్కొక్కరినే తలచుకుంటూ, ఒక్కొక్కరికే ఏదో వంక పెట్టుకుంటూ వచ్చాను. చివరికి మిగిలింది నువ్వే.

కాబట్టి పొద్దున నేను వచ్చేదాకా పాప నీ దగ్గర ఉంటుంది. సాయంత్రం నువ్వు వచ్చేదాకా నా దగ్గర. ముందు బెంచీ పిల్లల గురించీ, ఎవరు ఎక్కడ తడబడుతున్నారో దాని గురించీ గుమ్మంలోనే ఒకరికొకరు చెప్పుకుందాం. ఏదీ దాచొద్దు. నేనూ దాచను.

నిన్ను చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండుతుంది ఇందూ. కానీ బిడ్డను వదిలి గడప దాటాలంటే, నీ చేతుల్లో పెట్టి తప్ప నా కాలు కదలదు.

మీ వదిన,
వాసంతి